ఓడినవాడి పక్షాన నిలిచిన దర్శకుడు

1961 జనవరిలో విడుదలైన ‘సీతారామ కల్యాణం’ టైటిల్స్‌లో కథారచయిత, సంగీత దర్శకుడు, ఛాయాగ్రాహకుడు అందరి పేర్లూ వస్తాయి గానీ దర్శకుడి పేరు రాదు. ఆ సినిమాకి దర్శకత్వం వహించింది నందమూరి తారక రామారావు. అది ఆయన మొదటి ప్రయత్నం. అప్పటికి ‘మాయాబజార్’ వచ్చి నాలుగేళ్లు కావస్తోంది. కృష్ణుడంటే రామారావే అని జనం నమ్మేశారు. 1958లో తమిళంలో వచ్చిన ‘సంపూర్ణ రామాయణం’లో రాముడి వేషమూ కట్టారు. అలాంటి నటుడు సొంత సంస్థలో తానే దర్శకుడై రామాయణం తీస్తుంటే రాముడు ఎవరని ఎవరైనా అడుగుతారా? కానీ రాముడి పాత్ర హరనాథ్‌కి వెళ్లింది. సీత కొత్తమ్మాయి గీతాంజలి. రామారావు రావణుడు. మొదట ఈ సినిమాకి ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డిని దర్శకుడిగా అనుకున్నారనీ, తన చేతుల మీదుగా కృష్ణుడైన నటుణ్ని రావణుడిగా ఊహించుకోలేక ఆయన తప్పుకున్నారనీ సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. వేషం మార్చుకోవడం కంటే దర్శకత్వ భారం నెత్తిన వేసుకోవడమే మేలని రామారావు అనుకున్నారన్నమాట. ఆ నిర్ణయంలోనే ఆయన కథానిష్ఠ మొత్తం ఉంది.

ఎన్టీఆర్ గురించి మనం మాట్లాడుకునేదంతా నటుడి గురించీ, నాయకుడి గురించీ. దర్శకుడి గురించి మాట్లాడటం తక్కువ. మాట్లాడినా ‘మల్టీస్టారర్’, ‘త్రిపాత్రాభినయం’, ‘రికార్డు రోజుల్లో షూటింగ్’ అని లెక్కలతో సరిపెడతాం. ఆయన దర్శకత్వం వహించిన పౌరాణికాలను వరసగా చూస్తే ఒకే మనిషి ఒకే ప్రశ్న వెంట ముప్ఫయ్యేళ్లు తిరిగినట్టు కనిపిస్తుంది. ఓడిపోయినవాడు తన కథ తానే చెప్పుకుంటే ఎలా ఉంటుంది? రావణుడు, సుయోధనుడు, కర్ణుడు, విశ్వామిత్రుడు... ఇతర దర్శకులు ఆయన్ని దేవుణ్ని చేస్తే, తన చేతికి మెగాఫోన్ వచ్చినప్పుడు ఎక్కువగా ఆయన దేవుడికి ఎదురు నిలిచినవాడి దగ్గరికే వెళ్లారు. తెరమీది తన ప్రతిష్ఠ కంటే కథలో నోరులేని పాత్రకి నోరివ్వడం ఆయనకి ముఖ్యమైంది. నా వాదన ఇదే.

‘సీతారామ కల్యాణం’లో రావణుణ్ని ఆయన చూపించిన పద్ధతి గమనించండి. 1958లో వచ్చిన ‘భూకైలాస్’లోనూ ఆయన రావణుడే. కనుక ఆ పాత్ర భక్తీ అహంకారమూ ఆయనకి కొత్త కావు. ఇక్కడ ఆయన జోడించింది విద్య. కైలాసాన్ని పెకలించబోయి కొండ కింద నలిగిన రావణుడు శివుణ్ని మెప్పించడానికి తన పేగులనే తీగలుగా చేసుకుని రుద్రవీణ వాయిస్తాడు. ఘంటసాల గొంతులో ‘కానరార కైలాస నివాస’ మొదలైనప్పుడు తెరమీద పది తలల మనిషి కనిపిస్తాడు. ఆ రోజుల్లో దీనికి కంప్యూటర్ లేదు. ఆ సినిమాతోనే ఛాయాగ్రాహకుడిగా పరిచయమైన రవికాంత్ నగాయిచ్ కెమెరాలోనే ఆ పని చేశారు. లెన్సుకి అడ్డంగా మాస్కు పెట్టి ఒక తల వచ్చే భాగం మాత్రమే ఫిల్ము మీద పడనిస్తారు. ఫిల్ముని వెనక్కి తిప్పి, మాస్కు జరిపి, అదే ఫిల్ము మీద ఇంకో తల. తర్వాత ఇంకోటి. ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ నటుడు ఒక్క వెంట్రుకవాసి కదిలినా అతుకు కనిపించి షాటు మొత్తం పాడవుతుంది. మళ్లీ మొదట్నుంచీ రావాలి. నగలూ కిరీటమూ పెట్టుకుని గంటల తరబడి శిలలా నిలబడ్డ ఆ నటుడే సెట్టు మీద దర్శకుడు కూడా. అంత కష్టం ఎందుకు? రావణుణ్ని భయంకరంగా చూపడానికైతే పెద్ద కోరలూ ఎర్రటి లైటూ చాలు. చూసేవాడు రావణుణ్ని చూసి భయపడకుండా ఆశ్చర్యపోవాలని ఆయన కోరుకున్నారు. అందుకే శ్రమ.

ఐదేళ్ల తర్వాత ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966). ఇందులో కృష్ణుడూ ఆయనే, సుయోధనుడూ ఆయనే. ఈ సినిమాలో కథ తిరిగే ఇరుసు మాత్రం శకుని. ధూళిపాళ ఆ పాత్ర చేశారు. సుయోధనుడు గాంధార రాజునీ అతని కొడుకులనీ చెరలో పెట్టి చాలీచాలని మెతుకులు విదిలిస్తే, వాళ్లంతా తమ వంతు శకునికి పెట్టి ఒక్కొక్కరే చనిపోతారు. తండ్రి ఎముకలతో చేసిన పాచికలు పట్టుకుని శకుని కౌరవుల కొలువులో చేరతాడు. వ్యాస భారతంలో ఈ ఘట్టం కనిపించదు. జనం నోట నడిచిన కథ ఇది. దాన్ని రామారావు తెచ్చి సినిమా నడుమ నిలబెట్టారు. అప్పటిదాకా శకుని అంటే ఊరికే కుట్రలు చేసే మేనమామ. ఈ సినిమా చూశాక అతని ప్రతి నవ్వు వెనకా ఆకలితో చచ్చిన అన్నదమ్ములు కనిపిస్తారు. దుర్మార్గుడికీ ఒక కారణం ఉంటుందని చెప్పడం వేరు, ఆ కారణాన్ని ప్రేక్షకుడి కడుపులోకి దింపడం వేరు. కథ చెప్పేవాడికి కావలసింది రెండోది.

ఈ ఆలోచన పూర్తి రూపంతో బయటికొచ్చింది 1977 సంక్రాంతికి విడుదలైన ‘దాన వీర శూర కర్ణ’లో. దాదాపు నాలుగు గంటల సినిమా. నిర్మాత, దర్శకుడు, చిత్రానువాద రచయిత రామారావే. కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ ఆయనవే. మాటలు కొండవీటి వేంకటకవివి. హైదరాబాద్‌లోని సొంత రామకృష్ణా స్టూడియోలో 43 రోజుల్లో చిత్రీకరణ ముగించారని ప్రసిద్ధి. ఇందులో ఒక చిన్న వెనకటి ముడి ఉంది. 1964లో బి.ఆర్.పంతులు తమిళంలో ‘కర్ణన్’ తీసినప్పుడు శివాజీ గణేశన్ కర్ణుడు, రామారావు కృష్ణుడు. అంటే కర్ణుడు ఎలా చచ్చాడో ఆయన ఒకసారి అర్జునుడి రథం మీద కూర్చుని చూశారు. పదమూడేళ్ల తర్వాత ఎదుటి రథం ఎక్కారు.

కుమారాస్త్ర విద్యా ప్రదర్శన దృశ్యం తెలుగువాళ్లకి కంఠస్థం. కర్ణుడి కులమేమిటని సభలో ప్రశ్న వస్తుంది. దానికి సుయోధనుడు లేచి, పూజ్యులైన పెద్దల పుట్టుకలే వరసగా ఎత్తి చూపుతూ, వాళ్లకి లేని అడ్డు వీడికెందుకని నిలదీస్తాడు. చాలామంది ఇదంతా సినిమావాళ్ల కల్పన అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఆదిపర్వంలో ఆ సందర్భంలోనే దుర్యోధనుడి చేత వ్యాసుడు ఈ వాదన చేయించాడు. శూరుల పుట్టుకా నదుల పుట్టుకా ఎవరు తేల్చగలరని అడిగిస్తాడు. ద్రోణుడు కలశంలోనూ, కృపుడు రెల్లుపొదలోనూ పుట్టిన సంగతి గుర్తు చేయిస్తాడు. నన్నయ కూడా దాన్ని తెలుగులో పద్యం చేశాడు. కావ్యంలో అది కొద్దిపాటి చోటులో ముగిసిపోతుంది. రామారావూ వేంకటకవీ కలిసి దాన్ని విస్తరించి సినిమాకి గుండెకాయ చేశారు. అంటే లేనిదాన్ని తెచ్చి అతికించలేదు. వెయ్యేళ్లుగా మన పుస్తకంలోనే ఉండి, మనం పేజీ తిప్పేసుకుంటూ వచ్చిన చోట ఆగి గట్టిగా చదివి వినిపించారు. కులం పేరుతో మనిషిని పక్కకి నెట్టేసే సమాజంలో ఆ దృశ్యం మారుమూల ఊళ్ల టూరింగ్ టాకీసుల దాకా చేరింది. సంభాషణల రికార్డులు సంబరాల్లో మైకుల మీద మోగాయి. పాటలకి దక్కే గౌరవం వాదనకి దక్కడం మన సినిమాలో అరుదు.

ఇక్కడ మొదటి ఆక్షేపణ ఎదురవుతుంది. ఇది పురాణాన్ని తలకిందులు చేయడం కాదా, దుర్యోధనుడికి డ్యూయెట్ ఏమిటి అని. ‘చిత్రం భళారే విచిత్రం’ అని సుయోధనుడు భానుమతితో పాడుకోవడం చూసి ముక్కు విరిచినవాళ్లు ఉన్నారు. కానీ సంస్కృతంలో భట్టనారాయణుడి ‘వేణీసంహారం’ రెండో అంకం తీసి చూడండి. అక్కడా దుర్యోధనుడూ భానుమతీ శృంగారంలో ఉంటారు. తర్వాతి ఆలంకారికులూ అది సందర్భం కాదని తప్పుపట్టారు. భాసుడి ‘ఊరుభంగం’ తొడలు విరిగి నేల మీద పడ్డ దుర్యోధనుణ్ని కరుణతో చూస్తుంది. ఆయనదే ‘కర్ణభారం’ కవచకుండలాలు కోసిచ్చే కర్ణుడి వైపు నిలబడుతుంది. తెలుగులో త్రిపురనేని రామస్వామి చౌదరి ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ‘కురుక్షేత్ర సంగ్రామం’ నాటకంలో రాజ్యహక్కు కౌరవులదేనని వాదించారు. ఈ వరసలో పెట్టి చూస్తే రామారావు కొత్త దారి తొక్కలేదు, ఉన్న దారిలో పెద్ద బండి నడిపారు. పండితుల నాటకశాలల్లో, పుస్తకాల్లో ఉన్న చర్చని నేల టిక్కెట్టు దగ్గరికి తెచ్చారు. పురాణం చెడిపోతుందన్న భయం ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. ఈ సినిమాల్లో ఎక్కడా కృష్ణుడు ఓడిపోడు. ధర్మం ఏ వైపుందో సినిమా మార్చలేదు. ఓడినవాడు ఎందుకు పోరాడాడో చెప్పింది, అంతే. ప్రత్యర్థి బోలు బొమ్మ అయితే గెలుపుకి విలువేముంది?

రెండో ఆక్షేపణ ఇంకా బలమైంది. అన్ని పాత్రలూ తానే వేసుకోవడం కథ మీద ప్రేమా, తన మీద ప్రేమా? ‘శ్రీరామ పట్టాభిషేకం’ (1978)లో రాముడూ రావణుడూ ఆయనే. ‘శ్రీమద్విరాట పర్వం’ (1979)లో ఏకంగా ఐదు పాత్రలు. నటుడి ఆశ అందులో లేదని నేను అనను. ఉంది. కానీ అది ఒక్కటే అయితే మొదటి సినిమాకి దర్శకుడిగా పేరు వేసుకోకుండా ఉండేవారు కాదు. 1977లోనే తీసిన ‘చాణక్య చంద్రగుప్త’లో ఎత్తులన్నీ వేసే చాణక్యుడి పాత్రని అక్కినేని నాగేశ్వరరావుకిచ్చి, ఆ ఎత్తుల్లో నడిచే చంద్రగుప్తుడి పాత్ర తాను తీసుకునేవారూ కాదు. ‘అక్బర్ సలీం అనార్కలి’ (1979)లో ప్రేమికుడు బాలకృష్ణ. ప్రేమకి అడ్డుపడే తండ్రి అక్బర్ పాత్ర రామారావుది. ఇంకో సంగతి మన కథాసంప్రదాయంలోనే ఉంది. హరికథలో దాసుగారు ఒక్కరే. చిడతలు పట్టుకుని అదే గొంతుతో రుక్మిణై సిగ్గుపడి, మరుక్షణం రుక్మియై గర్జిస్తారు. ఆదిభట్ల నారాయణదాసుని చూసి ఇన్ని పాత్రలు మీరే ఎందుకని ఎవరూ అడగలేదు. తోలుబొమ్మలాటలో తెర వెనక ఒక గొంతే ఎన్నో బొమ్మలకి ప్రాణం పోస్తుంది. పద్యనాటకంలో దీనికి ఎదురు పద్ధతి ఉంది. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు ముగ్గురు నటులు మారతారు, జనం ఏ ఇబ్బందీ లేకుండా చూస్తారు. నటుడి శరీరం వేరు, పాత్ర వేరని మన ప్రేక్షకుడికి ముందే తెలుసు. పైగా ఒకే ముఖం కృష్ణుడిలోనూ సుయోధనుడిలోనూ కనిపించడంలో ఒక అర్థం పుడుతుంది. ఇద్దరూ ఒకే మనిషిలో ఉండగలరని వేరే చెప్పనక్కర్లేకుండా తెరే చెబుతుంది. ‘దాన వీర శూర కర్ణ’ రాయబార ఘట్టంలో ఆ రెండు పాత్రలూ ఎదురుబొదురుగా నిలిచినప్పుడు నడకా, చూపూ, మాట విరుపూ ఎంత వేరుగా ఉన్నాయో చూస్తే ఆ ఆశకి తగిన కష్టమూ పడ్డారని ఒప్పుకోక తప్పదు. ‘నర్తనశాల’లో బృహన్నల కోసం వెంపటి చినసత్యం దగ్గర కూచిపూడి నేర్చుకున్న నటుడాయన. పాత్రకి కావలసిన విద్య ముందు, వేషం తర్వాత.

ఇదంతా రాజకీయానికి వేసుకున్న బాటేనని మూడో మాట. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన మనిషి కనుక ఆ అనుమానం సహజం. దేవుడి వేషాలు ఆయనకి ఓట్లు తెచ్చి ఉండవచ్చు. అయితే ఆ వేషాలు ఎక్కువగా ఇతరుల దర్శకత్వంలోవి. ‘మాయాబజార్’ కె.వి.రెడ్డిది, ‘లవకుశ’ సి.పుల్లయ్య, సి.ఎస్.రావులది. ఓట్ల కోసమే అయితే స్వయంగా తీసినప్పుడు రావణుడి చేత వీణ వాయించాల్సిన పనిలేదు. ‘వరకట్నం’ (1969) లాంటి సాంఘికంలో కట్నాన్ని తప్పుపట్టడం కూడా ఆ లెక్కలోకి రాదు. రాజకీయం ఆయన మనసులో లేని రోజుల్లో తీసిన సినిమా అది. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. ఇంకా బలమైన రుజువు తర్వాతి రోజుల్లో దొరుకుతుంది. అధికారం పోయాక, డెబ్బయ్యో పడికి దగ్గరవుతూ ఆయన తెరమీదికి తెచ్చిన పాత్ర ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’ (1991). క్షత్రియుడిగా పుట్టి, పుట్టుక అడ్డొస్తుంటే తపస్సుతో పోరాడి బ్రహ్మర్షి అనిపించుకున్నవాడి కథ. త్రిశంకుడి కోసం ఇంకో స్వర్గాన్నే కట్టబోయినవాడి కథ. 1961లో మొదలైన ప్రశ్నే ముప్ఫయ్యేళ్ల తర్వాతా ఆయన్ని వదల్లేదు. ఆ సినిమా ఆడలేదు. మరుసటి ఏడాది ‘సమ్రాట్ అశోక్’ కూడా ఆడలేదు. లాభం చూసుకునే మనిషి ఆ వయసులో ఆ కిరీటం బరువు మోయడు.

లోపాలు లేవని కాదు. దర్శకుడిగా ఆయన దృష్టి దృశ్యం కంటే మాట మీద ఎక్కువ. ‘దాన వీర శూర కర్ణ’లో కెమెరా చాలాచోట్ల రంగస్థలం ముందు వరసలో కూర్చున్న ప్రేక్షకుడిలా కదలకుండా చూస్తుంది. పౌరాణిక తెలుగు సినిమాకి కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే తెచ్చిన దృశ్య సౌందర్యం ఇందులో కనపడదు. 43 రోజుల తొందర కొన్ని సెట్లలో తెలిసిపోతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. మయసభ దృశ్యంలో సుయోధనుడు నేలనుకుని నీళ్లలో పడతాడు, పాంచాలి నవ్వుతుంది. ఆ తర్వాత అతను ఒంటరిగా నిలబడి ఆ అవమానాన్ని మాట మాటగా తవ్వుకుంటూ, మధ్యలో ఆగుతూ, మళ్లీ రగులుతూ సాగే ఆ స్వగతం తెలుగు నటనలో ఒక శిఖరం. సందేహం లేదు. కానీ ఆ బలంతోనే ద్రౌపది మనకి అతని కళ్లలోంచే కనిపిస్తుంది. సభలో ఆమెకి జరిగిన దానికి ఆమె వేసిన ప్రశ్నలు భారతంలో ధర్మశాస్త్రాన్నే కుదిపేస్తాయి. ఆ గొంతుకి ఈ సినిమాలో సుయోధనుడి గొంతుకి దక్కినంత చోటు దక్కలేదు. ఓడినవాడికి నోరిచ్చిన దర్శకుడు ఓడించబడిన ఆడదానికి అంత నోరివ్వలేకపోయారు. ఆయన పద్ధతిని మెచ్చుకునేవాళ్లే ఈ మాట అనాలి. ఎందుకంటే ఆ పద్ధతికి తర్వాతి అడుగు అదే.

ఇంతకీ ఆ పద్ధతి ఎక్కడిది? ఆయన చదువుకున్న విజయవాడ కాలేజీలో తెలుగు పాఠం చెప్పింది విశ్వనాథ సత్యనారాయణ. ఆ గురువే ఆయన్ని నాటకంలోకి దింపారు. ఆడవేషం కట్టినా మీసం తీయనని పట్టుబట్టి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్న సంగతి అందరికీ తెలిసిందే. నవ్వు తెప్పించే ముచ్చట అది, పాత్ర కోసం మీసాన్ని కూడా వదులుకోని కుర్రవాడు. అదే మనిషి నలభై దాటేసరికి బృహన్నల కోసం మీసంతో పాటు మగనడకనీ వదిలేశారు. ఈ రెండింటి మధ్య ఆయనకి కథ అంటే ఏమిటో అర్థమైందని నా నమ్మకం. కథకి లొంగడమంటే చెప్పినట్టల్లా చేయడం కాదు, అందులో ఎవరి మాట వినపడటం లేదో చెవిపెట్టి వెతకడం. ఆ వెతుకులాటకి పాండిత్యమూ కావాలి, జనం భాషా కావాలి. వేంకటకవి వంటి పండితుణ్ని పక్కన పెట్టుకుని, సమాసాలు తిరగేసే ఆ సంభాషణలని చదువురాని ప్రేక్షకుడి చేత కూడా వల్లె వేయించారు. కష్టమైన తెలుగు జనానికి ఎక్కదన్న మాటకి అంతకన్నా పెద్ద సమాధానం మన సినిమాలో లేదు.

ఇప్పుడు ఇతిహాసాల మీద కోట్లు గుమ్మరించి సినిమాలు తీస్తున్నారు. పది తలలూ కంప్యూటర్ క్షణాల్లో వేస్తోంది. ఆ డబ్బూ ఆ యంత్రాలూ ఉన్న దర్శకులు ఒక్కసారి ‘సీతారామ కల్యాణం’, ‘శ్రీకృష్ణ పాండవీయం’, ‘దాన వీర శూర కర్ణ’ వరసగా చూడాలి. నటుణ్ని పక్కనపెట్టి దర్శకుణ్ని చూడాలి. ప్రతి సినిమాలో ఎవరికి ఎక్కువసేపు మాట్లాడే అవకాశం దొరికిందో లెక్కపెట్టుకోవాలి. ఆ తర్వాత, ఆయన వదిలేసిన ద్రౌపది దగ్గర మొదలుపెట్టాలి.